వెనక సీట్లో పెండలం బస్తా

కంటి డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. పోలీస్ స్టేషన్‌లో వేలిముద్రలిచ్చి, తన మీద ఏ కేసూ లేదన్న కాగితం తీసుకోవాలి. మంచి నడవడిక కలదని పాస్టర్ చేత రాయించుకోవాలి. ఫోటోలు దిగాలి. మామూలు లైసెన్స్ పుచ్చుకుని చాలినంత కాలమైందని చూపించాలి. రోడ్డు నియమాలు అప్పజెప్పాలి. ఆఫీసు ఆవరణలో డ్రమ్ముల మధ్య నుంచి బండిని వెనక్కి నడపాలి. చివరికి ఇన్‌స్పెక్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని కొండ దిగి చూపించాలి.

ప్రయాణికుల బండి నడిపే లైసెన్స్ కోసం నోవ్లెట్ టలక్ ఈ పనులన్నీ చేసింది. ఆఖరిదానిలో తప్ప అన్నింటిలోనూ నెగ్గింది.

ఆమె భర్త ఆస్బర్న్ మా కొండ మీది పిల్లల్ని కింద ఉన్న బడికి చేర్చే మినీబస్సు నడిపేవాడు. షుగర్ జబ్బు అతని కళ్లను తినేసింది. బస్సు రేకుల షెడ్డులో పడి ఉంది. కిందటి టర్మ్ అంతా పిల్లలు పొద్దున్నే నడిచి దిగారు, సాయంత్రం నడిచి ఎక్కారు. వాళ్లలో నోవ్లెట్ కూతురు షనీల్ కూడా ఉంది. సెలవులు ముగిసేలోగా నోవ్లెట్‌కు లైసెన్స్ వస్తే ఆ బస్సు మళ్లీ కదులుతుంది, ఆ ఇల్లూ కదులుతుంది. అందుకే కొండంతా ఆమె పరీక్ష కోసం ఎదురుచూసింది.

పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టర్ పేరు లిన్వల్ బ్రేహమ్. నవ్వడు, ఎక్కువ మాట్లాడడు, ఎవరిచ్చిన కూల్‌డ్రింకూ తాగడు. మొదటిసారి ఆ మినీబస్సులోనే కొండ దిగుతుండగా నోవ్లెట్ గేరును న్యూట్రల్‌లోకి జార్చింది. పెట్రోలు కలిసొస్తుందని మా దగ్గర అందరూ చేసే పనే అది. బ్రేహమ్ ఏదో రాసుకుని, తప్పావు, మళ్లీ రమ్మన్నాడు.

ఇంటికొచ్చి చెబితే ఆస్బర్న్ నవ్వాడు. "నా జన్మంతా న్యూట్రల్‌లోనే దిగాను. ఒక్క కోడిపిల్లనైనా తొక్కానా? వాడికి న్యూట్రల్ కాదే నోవీ, వేరే ఏదో కావాలి."

ఆ మాట కొట్టుదాకా పాకింది. అక్కడ డామినోలు ఆడే మగవాళ్లు తలా ఒక రుజువు తెచ్చారు. బ్రేహమ్ ఇంటికి కొత్తగా రంగేశారట. అతని మేనల్లుడు కారు కొన్నాడట. ఏమీ పుచ్చుకోని మనిషి అంత బిగుసుకుని ఎందుకుంటాడని వాళ్ల వాదన.

రెండో పరీక్షకు నోవ్లెట్ తోటలో తవ్విన పసుపు పెండలం బస్తా ఒకటి బండిలో వేసుకుని వెళ్లింది.

"ఇదేంటమ్మా?" అన్నాడు బ్రేహమ్.

"మా తోటలోది సార్. మీకని తెచ్చాను."

అతను దాన్ని ముట్టుకోలేదు. వెనక సీటు మీద నిలబెట్టమన్నాడు. "ఇవాళ నీ ప్రయాణికుడు ఇదే. మనం కిందికి చేరేదాకా ఇది కూర్చున్న చోటే కూర్చోవాలి."

ఏటవాలు రాగానే ఆమె చెయ్యి దానంతటదే న్యూట్రల్‌కి వెళ్లింది. బండి ఊపందుకుంది. మలుపులో బ్రేకు గట్టిగా తొక్కింది. బస్తా ఒరిగి, మూతి విప్పుకుని, దుంపలు దొర్లుకుంటూ వచ్చి బ్రేహమ్ బూటుకు తగిలాయి. అతను వంగి, అన్నిటినీ ఏరి బస్తాలో వేసి, ఆమెకే ఇచ్చి, మళ్లీ తప్పావన్నాడు.

పెండలం అతనికి ఆనలేదని కొండంతా తేల్చేసింది. నోవ్లెట్ కూడా అలాగే అనుకుంది.

ఆ నెలలోనే చర్చి హాల్లో కౌన్సిలర్‌తో సమావేశం జరిగింది. రోడ్ల గురించీ నీళ్ల గురించీ అయ్యాక నోవ్లెట్ లేచి నిలబడింది. లంచం ఇవ్వలేదని బ్రేహమ్ తనను రెండుసార్లు పరీక్ష తప్పించాడని చెప్పింది.

"అతను అడిగాడా అమ్మా?" అన్నాడు కౌన్సిలర్.

అడగలేదన్న సంగతి ఆమెకు తెలుసు.

"అడగాలా సార్? అందరికీ తెలిసిందేగా."

అందరూ తలలూపారు. కొద్దిరోజులకే విచారణ పేరుతో బ్రేహమ్‌ను కొండలకు అవతల ఉన్న ఆఫీసుకు మార్చారు. అతని బదులు ఒక కుర్రాడొచ్చాడు. నోవ్లెట్‌ను డ్రమ్ముల మధ్య ఒకసారి ముందుకూ వెనక్కూ తిప్పించాడు. రోడ్డు మీదికి వెళ్లనేలేదు. సంతకం పెట్టి, నవ్వుతూ పంపించాడు. ఎంత మంచివాడో అనుకుంది నోవ్లెట్.

ఆ సాయంత్రం రొట్టె కోసం కొట్టుకు వెళ్తే బిగ్గా కనిపించాడు. లైసెన్స్ ఆఫీసు గేటు దగ్గర నిలబడి ఎవరి పని ఎవరి చేత అవుతుందో చూసిపెట్టే మనిషి. అతన్ని బ్రోకర్ అని ఎవరూ అనరు. అందరికీ పనికొచ్చేవాడంటారు.

"మిస్ నోవీ, సంతోషమేనా? మీ ఆయన ఆస్బర్న్ ఒక మాట చెవిలో వేశాడు. నేను చూసుకున్నాను."

ఆమె ఇంటికొచ్చి భర్తను నిలదీసింది. చెయ్యి తడపకుండా ఎవరికి పనయిందని అతను ఎదురడిగాడు. తన లైసెన్స్ తన చేతిలోనే ఉన్నా, అది తనదేనా అన్న అనుమానం ఆ రాత్రి నుంచి ఆమెను వదల్లేదు.

బడి తెరిచిన రోజు మలుపు దగ్గర పిల్లలు బస్సెక్కుతున్నారు. ఐసిల్డా అనే తల్లి మాత్రం తన కొడుకు చెయ్యి వదల్లేదు.

"కోపం తెచ్చుకోకు నోవీ. ఒక్క మాట చెప్పు. నిన్ను పాస్ చేసింది బండా, బిగ్గానా?"

నోవ్లెట్ మొహం కందిపోయింది. బండి తీసింది. ఐసిల్డా కొడుకుతో నడిచే దిగింది.

కొండవాలులో పిల్లలు పాట పాడుతున్నారు. నోవ్లెట్ చెయ్యి దానంతటదే న్యూట్రల్‌కి వెళ్లింది. మలుపులో బ్రేకు తొక్కింది. వేడెక్కి పట్టు తగ్గిన బ్రేకు మామూలు కన్నా మెత్తగా, లోతుగా దిగింది. వెనకనుంచి ఎవరిదో అన్నం డబ్బా నేల మీద జారుకుంటూ వచ్చి, ఆమె మడమకు తగిలి ఆగింది.

పెండలం దుంపలు ఆగింది కూడా ఇంచుమించు అక్కడే.

ఆమె గేరులో వేసి, నడిచే మనిషంత నెమ్మదిగా బడి చేరింది. పిల్లల్ని లెక్కపెట్టి దింపింది. ఖాళీ బస్సును ఇంటికి తెచ్చి షెడ్డులో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుంది. మర్నాడు కొండలు దాటి బ్రేహమ్ ఉన్న ఆఫీసుకు వెళ్లింది.

అతను ఆమెను చూడగానే లేచి, బయటివాళ్లకు కనిపించేలా తలుపు బార్లా తెరిచాడు.

"ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు సార్."

"ఫోన్ తీసి బల్ల మీద పెట్టు. ఆ సంచిలో ఏముంది?"

"రొట్టె, సార్. దారిలో తినడానికి."

సంచి తెరిపించి చూశాకగాని కూర్చోలేదు. ఆమె ఫోన్ పక్కన లైసెన్స్ కూడా పెట్టింది. అది బిగ్గా ఎలా ఇప్పించాడో చెప్పి, మళ్లీ పరీక్ష పెట్టమంది. అతను దాన్ని ముట్టుకోలేదు.

"నిన్ను నేనేమైనా అడిగానా?"

"లేదు సార్. మీరు అడగకపోయేసరికే, ఇంకా పెద్దది ఏదో ఆశిస్తున్నారనుకున్నాను."

బ్రేహమ్, ఇచ్చిన లైసెన్స్‌కు మళ్లీ పరీక్ష లేదన్నాడు. కావాలంటే దాన్ని వదులుకుని మొదటినుంచి మొదలుపెట్టవచ్చన్నాడు.

ఆమె వదులుకుంది. మళ్లీ కంటి డాక్టరు, మళ్లీ వేలిముద్రలు, మళ్లీ పాస్టర్ ఉత్తరం. ఆస్బర్న్ కొన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు. పిల్లలు ఆ టర్మ్ అంతా నడిచారు, షనీల్ కూడా. కొట్టు దగ్గర నోవ్లెట్‌కు మతిపోయిందన్నారు. బ్రేహమ్ ఆమెకు మందు పెట్టాడని కూడా అన్నారు.

పరీక్ష రోజున బండిలో బస్తా చూసి బ్రేహమ్ కనుబొమలు ముడిపడ్డాయి. "మళ్లీ తెచ్చావా?"

"మీకు కాదు సార్. ప్రయాణికుడు."

ఆ ఆఫీసు వెనకా కొండే. నోవ్లెట్ పైనుంచి కిందిదాకా చిన్న గేరులో, ఇంజను మూలుగుతుంటే, బ్రేకును అవసరమైనప్పుడే ముట్టుకుంటూ దిగింది. కింద బండి ఆపాక ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు. బస్తా కూర్చున్న చోటే కూర్చుని ఉంది.

అతను కాగితం మీద సంతకం పెట్టి, అప్పుడు మాట్లాడాడు.

"మీ కొండ మీద నన్ను దొంగన్నారు. నా బదులు వచ్చి పుచ్చుకున్నవాణ్ణి మాత్రం ఎవరూ అనుమానించలేదు. ఎందుకంటే వాడు మీ పని చేసిపెట్టాడు. లంచం అలవాటైన చోట జనం మొదట పోగొట్టుకునేది డబ్బు కాదమ్మా. నిజాయితీగల మనిషిని చూస్తే గుర్తుపట్టే కన్ను."

ఆదివారం ఆరాధన అయ్యాక నోవ్లెట్ అదే హాల్లో నిలబడి, అతను అడగలేదని, తాను అబద్ధమాడానని చెప్పింది. అప్పుడు తలలూపినవాళ్లు ఈసారి నేల చూశారు. సోమవారం ఐసిల్డా తన కొడుకును అందరికన్నా ముందు బస్సెక్కించింది. ఆ బస్సు ఇప్పటికీ చిన్న గేరులోనే దిగుతుంది.

బ్రేహమ్ మా కొండకు తిరిగి రాలేదు. విచారణ తేలకుండానే అతని ఉద్యోగకాలం ముగిసింది. అతనికి క్షమాపణ ఉత్తరం రాయాలని మాలో ఎవరికీ తోచలేదు. కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను: ఎప్పుడైనా ఒక అధికారి మీ కాగితం తిప్పి పంపితే, వీడికేం కావాలో అని మీ నోట మాట వచ్చేలోగా, బస్సులో వంగి దుంపలు ఏరి ఇచ్చిన లిన్వల్ బ్రేహమ్‌ను ఒక్కసారి గుర్తు చేసుకోండి.