లక్క గిన్నెకు వేలాడిన ముసలి మాట

ఏం అల్లుడూ, మొన్నే చేసిన హారం మీద నా పేరు చూసి, జేజమ్మల కాలం నాటిదని మురిసిపోయి కొన్నావట. రా, కూర్చో. నవ్వనులే.

నేను ఒక మాటను. యాంటిక్ అంటారు. పుట్టింది లాటిన్ వాళ్ళింట్లో. అక్కడ నా అర్థం 'ముందటిది', అంతే. ఫ్రెంచి వాళ్ళ మీదుగా ఇంగ్లీషులోకి చేరాను. కొన్నాళ్ళు అక్కడ నన్ను 'కాలం చెల్లిన సరుకు' అని వెక్కిరించడానికి కూడా వాడారు. నాకో తోబుట్టువుంది, ఇంగ్లీషులో 'antic' అని రాస్తారు. రోమ్ శిథిలాల్లో దొరికిన వింత బొమ్మలకు పేరుగా ఉండి ఉండి, చివరికి కోతిచేష్ట అనే అర్థంలో స్థిరపడింది. మా వంశం గుణం అది.

ఓడ దిగి ఈ దేశం వచ్చాక నా దశ తిరిగింది. పాత సామానుకు కట్టే చీటీల మీద ఎక్కాను. అలా ఓ చీటీనై పెంబర్తిలో ఇత్తడి పని చేసే వీరాచారి చేతిలో పడ్డాను. అతనింట్లో ముత్తాత చేసిన దీపం ఉంది. పట్నం నుంచి ఆర్డర్లు తెచ్చిపెట్టే రంగనాయకులు గారి కన్ను దాని మీద పడింది. ఇవ్వనంటే పని పోతుంది, ఇస్తే ముత్తాత పోతాడు.

చారి అచ్చం అలాంటిదే కొత్త దీపం చేశాడు. ఉప్పునీళ్ళు చల్లి, పేడకుప్పలో నెల్లాళ్ళు పాతి, నల్లబరిచి, దానికి నన్ను కట్టాడు.

ఈ సంగతి భార్య రాజమణికి తెలియదు. శుక్రవారం పొద్దుటికి ఇంట్లో ఇత్తడి నల్లగా కనబడితే ఆమెకు తలవంపు. గురువారమే నన్ను విప్పి గట్టు మీద పడేసి, చింతపండుతో రెండు దీపాలూ తళతళా తోమేసింది.

మర్నాడు రంగనాయకులు గారు భూతద్దంతో దిగారు.

"రెండూ నిన్నటివే చారీ. నలభై ఏళ్ళుగా పాత సామాను చూస్తున్నవాణ్ణి, నాకా చెబుతావు?"

పక్కకు నెట్టిన వాటిలో ముత్తాత కూడా ఉన్నాడు. అంతలో ఆయన చూపు మూలకు పోయింది. అక్కడ, ఇత్తడి రేకు చెక్కేటప్పుడు అడుగున పోసే లక్కను కాచే గిన్నె మసి పట్టి, జిగురు కట్టి, బొగ్గులా ఉంది. ఆయన దాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని, గట్టు మీద పడి ఉన్న నన్ను తన చేత్తోనే దానికి కట్టి, కారెక్కారు.

కారు మలుపు తిరిగాక రాజమణి అంది:

"గది నిరుడు జనగామ అంగట్ల కొన్న గిన్నె గదా. సారుకు చెప్పొద్దా?"

"మూడుసార్లు చెప్పిన. 'మంచి వస్తువును దాస్తున్నావు చారీ' అని భుజం తట్టి పోయిండు."