పచ్చ లైటు వెలుగుతూనే ఉంది

ఆ వారమంతా అక్క కాలుగాలిన పిల్లిలా తిరిగింది. కూర్చుంటే లేచేది, లేచాక ఎందుకు లేచిందో మరిచిపోయేది. బట్టలు మడతపెడుతూ సగంలో వదిలేసి, వెళ్ళి గిటారు పెట్టె మూత తెరిచి చూసి మళ్ళీ మూసేది. గిటారు ఆమెది కాదు, తమ్ముడిది. గొడవ మాత్రం ఇద్దరిదీ.

వాళ్ళది ఇంటి బ్యాండు. తమ్ముడు గిటారు వాయిస్తాడు, ఆమె మొగుడు డ్రమ్ములు కొడతాడు, పాడేవాళ్ళు మారుతూ ఉంటారు. హాలు చివర మిక్సర్ బల్ల ముందు కూర్చుని ఎవరి ధ్వని ఎంత వినపడాలో తేల్చేది ఆమె. మొగుడికి తప్ప బ్యాండులో అందరికీ ఆమె అక్కే, ఆమెకంటే పెద్దవాళ్ళకి కూడా. అక్కవి పాముచెవులని పేరు. తీగ శ్రుతి వెంట్రుకవాసి దిగినా అంత దూరం నుంచే కనిపెట్టేసేది. ఆ పేరంటే ఆమెకు ఒంటిమీద బంగారం కన్నా మోజు.

అలాంటి అక్కకి కొన్నాళ్ళుగా తమ్ముడి గిటారు పాట మధ్యలో మొద్దుబారి వినిపిస్తోంది. ఆ గిటారుకి తీగల కింద రెండు పికప్‌లు ఉన్నాయి. తీగ కదలికను పట్టుకుని స్పీకర్లకు పంపే అయస్కాంతాలవి. మెడ దగ్గరిది మెత్తగా పలుకుతుంది, కిందిది పదునుగా. రెండింటిలో ఏది పలకాలో తేల్చే స్విచ్చి తమ్ముడి కుడిచేతి కింద ఉంటుంది. ఆ చెయ్యి ఊరుకోవడం లేదని అక్క తీర్మానించేసింది.

"నేను స్విచ్చి ముట్టుకోలేదక్కా."

"చిన్నప్పుడు రేడియో విప్పేసి కూడా ఇదే మాట అన్నావు."

క్రితం ప్రోగ్రాం అయిపోయాక, సామాను సర్దుతున్న అందరి ముందూ అతన్ని కడిగి పారేసింది.  తమ్ముడు కేబుల్ చుట్టడం పూర్తిచేసి, నెమ్మదిగా అన్నాడు.

"ఇంకొక్కసారి నా చేతిని తప్పుపడితే వేరే బ్యాండులో చేరిపోతానక్కా. వాళ్ళు అడుగుతూనే ఉన్నారు."

అరిచి ఉంటే అక్క లెక్కచేసేది కాదు. వాడు అరవకుండా అంటే అన్నంత పనీ చేస్తాడని ఆమెకు తెలుసు. వాడి చేతికి మొదటి గిటారు ఇచ్చింది తనే, వాడు లేని స్టేజీ ఎలా ఉంటుందో ఊహించుకోవడానికే భయమేసింది. అలాగని మొద్దు ధ్వనిని విననట్టు ఊరుకోవడం కూడా చేతకాలేదు. అందుకే మర్నాడు ఫోన్ చేసింది.

"మాటలొద్దురా. స్విచ్చికి లైట్లు పెడతాను. మెత్తని పికప్‌కి ఎరుపు, పదును పికప్‌కి పచ్చ. నా బల్ల దగ్గరికి కనిపిస్తాయి."

"అంటే నా మీద కాపలా."

"నీ మీద కాదు, స్విచ్చి మీద."

"పెట్టుకో. కానీ పచ్చ వెలుగుతుంటే నువ్వు మళ్ళీ నోరెత్తకూడదు."

"ఎత్తితే అప్పుడడుగు."

వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి తమ్ముడు తెచ్చిచ్చిన గిటారుని బోర్లా పడుకోబెట్టింది. తీగలు అతికే సోల్డరింగ్ పనిలో ఆమెది ఎప్పట్నుంచో తిరిగిన చెయ్యే. లైట్ల కరెంటు ధ్వని వెళ్ళే తీగలతో కలిస్తే స్విచ్చి వేసినప్పుడల్లా స్పీకర్లో దబ్బుమంటుంది. అందుకని పాత స్విచ్చి పీకేసి, లోపల రెండు వేరు వేరు దారులున్న స్విచ్చి తెచ్చింది. ఒక దారి ధ్వనికి, ఒకటి లైట్లకి. ఆవగింజంత బల్బులు రెండు, అవి మాడిపోకుండా చెరొక రెసిస్టరు, వెనక గూట్లో చిన్న బ్యాటరీ. చేతికి పని దొరకగానే మనసు కాస్త కుదుటపడింది.

అతుకులు సరిగా పడ్డాయో లేదో చూడటానికి మల్టీమీటర్ తీసింది. దాని రెండు సూదులూ ఒకే దారికి ఆనిస్తే మీటరు కుయ్‌మని కూయాలి. కూయలేదు. అతుకు కరిగించి మళ్ళీ వేసింది. మళ్ళీ కూయలేదు. అంకెలు చూస్తే దారి బాగానే ఉంది.

"ఈ మీటరు గొంతు పోయినట్టుందండీ," అంది.

పక్క గదిలో మొగుడు నిమ్మకు నీరెత్తినట్టు పేపరు చదువుకుంటున్నాడు. పేపరు కాస్త దించి ఆమెను చూశాడు. ఏదో అనబోయి, మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు.

ప్రోగ్రాం రోజు మధ్యాహ్నం ఖాళీ హాల్లో సరిచూసుకోవడానికి కూర్చున్నారు. తమ్ముడు కేబుల్ గుచ్చి స్విచ్చి కిందికి వేశాడు. గిటారు ఒంటిమీద పచ్చ చుక్క వెలిగింది. హాలు చివర నుంచి అక్కకి స్పష్టంగా కనిపించింది. మొదటి పాట సగం దాకా ఆమె కాలు బల్ల కింద ఆడుతూనే ఉంది.

డ్రమ్ములు జోరందుకోగానే గిటారు మొద్దుబారింది. అదిగో, సరిగ్గా ఎప్పటిలాగే. ఆమె బల్ల మీద పదును పెంచే ట్రెబుల్ బటన్ కాస్త పైకి తిప్పింది. పదును వచ్చింది, వెంటనే పోయింది. ఇంకాస్త తిప్పి, ఈసారి దొరికాడనుకుంటూ తల ఎత్తి చూసింది.

పచ్చ లైటు వెలుగుతూనే ఉంది.

"ఆపండి, ఆపండి!" అంటూ చేతులూపుతూ స్టేజీ మీదికి పరిగెత్తింది. "లైట్లు నేనే తప్పుగా కలిపినట్టున్నాను. ఎరుపు తీగ పచ్చకి పడిపోయి ఉంటుంది." తమ్ముడి మెడలోంచి గిటారు దాదాపు లాక్కుని, స్టేజీ మీదే చతికిలబడి వెనక మూత విప్పింది. మీటరు సూదులు ఆనించింది. అంకెలు దారి సరిగానే ఉందన్నాయి. ఇంకో చోట ఆనించింది. అక్కడా సరిగానే ఉంది.

"ఈ దిక్కుమాలిన మీటరొకటి, కూయి అంటే కూయదు!"

తల ఎత్తితే తమ్ముడూ మొగుడూ తేలుకుట్టిన దొంగల్లా ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

"ఏంటి?"

తమ్ముడు ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అక్కా, అది కూస్తూనే ఉంది."

అక్క సూదుల వైపు చూసింది. తీసింది, మళ్ళీ ఆనించింది. మీటరుని చెవి దగ్గరికి తెచ్చుకుంది. బాగా దగ్గర పెడితే ఎక్కడో అడుగున సన్నగా ఏదో ఉన్నట్టుంది, లేనట్టూ ఉంది. ఇన్నేళ్ళు డ్రమ్ముల పక్కనా స్పీకర్ల ముందూ గడిపిన చెవులు. పాముచెవులు.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"కుక్కర్ విజిల్ వినపడట్లేదని నాకు పోయినేడాదే అనుమానం వచ్చింది," అన్నాడు మొగుడు, చేతిలో డ్రమ్ము కర్రలు చూసుకుంటూ. "చెప్పడానికి ధైర్యం చాల్లేదు."

"మరి నాకు పదును వచ్చి పోతోందే! అది కూడా నా చెవులేనా?"

తమ్ముడు తల దించుకున్నాడు. "అది నేనే. నువ్వు ట్రెబుల్ పెంచితే ముందు వరసలో వాళ్ళు చెవులు మూసుకుంటున్నారక్కా. అందుకని ఇక్కడ గిటారు మీది టోన్ బటన్ తిప్పి ఆ పదును తగ్గించేవాణ్ణి. నువ్వు ఇంకా పెంచేదానివి, నేను ఇంకా తగ్గించేవాణ్ణి." స్విచ్చి వైపు చెయ్యి చూపించాడు. "స్విచ్చి మాత్రం నిజంగా ముట్టుకోలేదు."

ఆమెకు ముందు ఒళ్ళు మండింది. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. అందరి ముందూ అన్ని మాటలు పడ్డాడు, ఇల్లు వదిలినట్టు బ్యాండు వదిలిపోవడానికైనా సిద్ధపడ్డాడు గానీ, అక్కకి చెవులు పోయాయన్న మాట ఒక్కరి దగ్గరా అనలేదు. ఆ సంగతి మెల్లగా బుర్రకెక్కేసరికి కోపం ఎటు పోయిందో తెలియలేదు. కళ్ళు తుడుచుకుని మూత స్క్రూలు ఒక్కొక్కటే బిగించింది.

"లే," అంది. "వచ్చి నా బల్ల దగ్గర నీ చెవికి బాగున్న చోట ట్రెబుల్ పెట్టు. నీ టోన్ బటన్ పూర్తిగా తెరిచి పెట్టుకో. ఎవరూ దేన్నీ తగ్గించక్కర్లేదు."

తమ్ముడు వచ్చి బటన్ తిప్పాడు, కిందికి, ఇంకా కిందికి, ఆమె నమ్మలేనంత కిందికి. ఆ చోట ఆమె తెల్ల టేపు ముక్క అంటించింది.

"సోమవారం చెవుల డాక్టర్ దగ్గరికి నువ్వే తీసుకెళ్ళు," అంది. "మీ బావ అయితే దారిలో జోకులేస్తాడు."

సాయంత్రం హాలు నిండింది. మూడో పాట మధ్యలో డ్రమ్ములు జోరందుకోగానే గిటారు మొద్దుబారింది, ఆమెకి. ట్రెబుల్ బటన్ కోసం చెయ్యి దానంతటదే లేచింది. అక్క ఆ చేతిని తీసి తొడ కింద పెట్టుకుని, దానిమీద గట్టిగా కూర్చుంది. ముందు వరసలో ఎవరూ చెవులు మూసుకోలేదు. పాట అయ్యేదాకా ఆమె పచ్చ లైటు మీంచి కళ్ళు తిప్పలేదు.