వంటింటి దిద్దుబాట్లు

"నువ్వు చెప్పేది సగమే, ఇందాయ్!" వంటింట్లోంచి మూడోసారి అరిచింది అత్తగారు కన్సోర్సియా. ఆవిడకి కోడలు ఇందాయ్, అంటే అమ్మాయి; కోడలికి ఆవిడ నానాయ్, అంటే అమ్మ.

మెర్సీ మైకు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. "నానాయ్, క్లాసు నడుస్తోంది."

"నడుస్తోందా, కుంటుతోందా?"

ఇలొయిలో ఊళ్ళో ఆ ఇంటి భోజనాల బల్లే మెర్సీకి బడి. పొద్దున్నే ఆరింటికి జపాన్ నుంచి ఇంగ్లీషు నేర్చుకునే హసెగావా తెరమీద ప్రత్యక్షమవుతాడు. వెనకాల గోలగా ఉందని, ఈ ఆన్‌లైన్ క్లాసులు ఇప్పించే ఏజెన్సీకి ఇప్పటికే రెండు ఫిర్యాదులు వెళ్ళాయి. ఒకటి మొగుడు రొడెల్ పందెంకోడి పుణ్యం, రెండోది పక్కింటి పాటల మైకు పుణ్యం. మూడోది వెళ్తే ఉద్యోగం ఊడుతుంది. ఆ సంగతి ఇంట్లో చెబితే అందరూ బుద్ధిగా తలలూపారు, కోడితో సహా.

ఇవాళ్టి పాఠం హియర్, లిజన్. మొదటిది చెవిన పడటం, రెండోది చెవి ఒగ్గి వినడం, దాని పక్కన 'టు' ఉండాలి అని చెప్పింది మెర్సీ.

"'అయామ్ హియరింగ్ ద రెయిన్' అనకూడదా?" అడిగాడు హసెగావా.

"అనకూడదండీ."

"ఎందుకని?"

"అంటే... పుస్తకంలో అలా ఉందండీ."

గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చేసింది కన్సోర్సియా. "వాన చప్పుడు నువ్వు పనిగట్టుకుని చేసే పనా నాయనా? దానంతటదే వచ్చి చెవిలో పడుతుంది. దానికి 'ఇంగ్' ఎందుకు? కిటికీ దగ్గర కూచుని వింటున్నావనుకో, అది నీ పని. అప్పుడు 'లిజనింగ్ టు' అను!"

ముప్ఫై ఎనిమిదేళ్ళు బళ్ళో ఇంగ్లీషు చెప్పిన మనిషి. ఆ లెక్క ఎవరూ అడక్కపోయినా చెబుతుంది.

హసెగావా తలవంచి నమస్కరించాడు. తెర ఆరిపోయింది.

"మూడో ఫిర్యాదు. సంతోషమేనా?" అంది మెర్సీ.

"తప్పులు చెప్పి సంపాదించడం కంటే ఊరికే కూచోవడం నయం."

"అమ్మ అన్నదాంట్లో తప్పేముంది?" అన్నాడు రొడెల్, వెల్లుల్లి అన్నం నములుతూ.

మధ్యాహ్నానికి ఏజెన్సీ నుంచి కబురు వచ్చింది. హసెగావా అయిదు నక్షత్రాలూ ఇచ్చాడు. "వంటింటి టీచరు గారు అద్భుతం. ఇకమీదట ఆవిడే చెప్పాలని మనవి. ఇప్పుడున్న టీచరు కూడా మర్యాదస్తురాలు."

మెర్సీ ఆ 'కూడా' దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత ఏజెన్సీకి ఫోను చేసింది.

భోజనాల వేళ అందరికీ చేపలు వడ్డించి, తనూ కూచుని, మెల్లగా అంది. "సోమవారం నుంచి ఆరింటి క్లాసు నానాయ్‌ది. మిగతావి నావి. కోడి మీ తమ్ముడింటికి వెళ్తుంది, రొడెల్."

కన్సోర్సియా చెంచా గాల్లో ఆగింది. "కెమెరా ముందు నేనా? మరి నువ్వెక్కడుంటావు?"

"వంటింట్లో, నానాయ్. తప్పులు దిద్దడానికి."