వాగుకు అడ్డం కట్టిన వల

మూడు రోజులుగా శాంతవ్వకు ఒళ్లు మండిపోతోంది. విశాఖపట్నంలో సముద్రపు చేపల మీద పెద్ద చదువు చదివిన అజమత్ సారు, పంతొమ్మిది వందల అరవై మూడు ఎండాకాలంలో సొంతూరు వికారాబాద్ వచ్చి ఇంటిపట్టున ఉండక, పెద్దేముల్‌ చెరువులో చేపలు పట్టేవాళ్ల పాత ముచ్చట్లు రాసుకుంటానని శాంతవ్వ వాళ్ల అరుగెక్కి కూర్చున్నాడు. రాసుకోనీ, మంచిదే. కానీ అడిగేదంతా ఆమె మొగుడు జంగప్పను. ఆ ముసలాయనకు ఇంకేం కావాలి? నోటికి హద్దూ పద్దూ లేకుండా పోయింది.

"నైజాం జమానల గీ చెరువుల మొసలి వడ్డది సార్. వలతోనే గుంజి ఒడ్డుకేసిన" అన్నాడు.

అది మొసలి కాదు, తాబేలు. పట్టింది కూడా ఇతను కాదు, ఇతని అన్న. సారు మాత్రం మొసలి పొడవెంతో అడిగి మరీ రాసుకున్నాడు. శాంతవ్వ పళ్లు నూరింది.

అసలు రాయాల్సింది వేరే ఉంది. మిరుగం, అంటే మృగశిర కార్తెలో తొలివానకు వాగు వచ్చి చెరువులో కలుస్తుంది. కడుపు నిండా గుడ్లతో చేపలు ఆ వాగుకు ఎదురెక్కుతాయి. ఆ పదిహేను రోజులు వాగులో వల వేయకపోవడం వాళ్ల తాతల నాటి కట్టుబాటు. నిరుడు చెరువును గుత్తకు పట్టినవాడు ఏకంగా వాగు మూతికే అడ్డంగా వల కట్టాడు. ఈసారీ కడతానంటున్నాడు. మిరుగానికి ఇంకా నాలుగు రోజులే ఉంది. చదువుకున్న మనిషి కాగితం మీద పెడితే తాలూకా కచేరీలో చదువుతారని, ఆ వల ఆగుతుందని శాంతవ్వ ఆశ.

"సార్, జర నా మాట గూడ రాయుండ్రి" అని అడిగి, ఇదంతా చెప్పింది.

"నీకేం ఎర్కనే? ఎన్నడన్న వలేసినవా?" అన్నాడు జంగప్ప.

"వలెయ్యలే. నువ్వు తెచ్చినయి కోసిందెవరు? నలభై ఏండ్ల సంది తాండూరు సంతల కత్తిపీట ముంగట కూసున్న. నిరుడు మిరుగంల ఏ చేపను కోసినా కడుపుల గుడ్లే. కొన్నోళ్లు సంబురపడ్డరు. నాకైతే చెయ్యాడలే. గవన్నీ పిల్లలు కావాల్సినయి."

ఆ మాట జంగప్పకూ తెలుసు.

అజమత్ సారు కలం పక్కన పెట్టాడు. "నువ్వు చెప్పింది నిజమే అవ్వా. సముద్రంల గూడ గిదే పరేషాన్. కానీ నేను రాసేది పాత ముచ్చట్లు. గిది ఇప్పటి తగాదా. గిండ్ల వెట్టరాదు" అన్నాడు నొచ్చుకుంటూ.

శాంతవ్వకు కోపం నషాళానికి అంటింది. అయినా గొంతు పెంచలేదు.

"అయితే నాలుగేండ్లాగి రాండ్రి సార్. అప్పటికి చెరువుల ఒక్క చేప ఉండది. గప్పుడు గిది గూడ పాత ముచ్చటే అయితది, రాసుకుందురు."