పిచ్చుక ముద్ర

గ్యారెట్ చేసేదాన్ని కుండ అంటే ఊరుకోడు. అది "మట్టి మూలుగు" అట. పెద్ద ముద్ద చేసి, పిడికిలితో నాలుగు గుద్దులు గుద్ది, పక్కన చేతులు కట్టుకుని నిలబడతాడు. వచ్చినవాళ్లు తలూపుతారు. ఊపకపోతే తెలివి లేదనుకుంటారేమోనని భయం.

నా పేరు మార్లిస్. ఈ నార్త్ కరోలినా కొండల్లో ఇరవై రెండేళ్లుగా కాఫీ కప్పులు చేస్తున్నాను. మేమిద్దరం ఒకే కట్టెల బట్టీలో కాల్చుకుంటాం. ఈసారి బట్టీ తెరిచే రోజున మ్యూజియం నుంచి విన్‌ఫ్రెడ్ గారు వచ్చి, అక్కడ పెట్టడానికి ఒకే ఒక్క వస్తువు ఎంచుకుంటారని తెలిసింది. సిగ్గెందుకు, ఆ చోటు నాకే కావాలనిపించింది. ప్రాణం పెట్టి ఎనిమిది కప్పులు చేశాను.

బట్టీలో సామాను పేర్చేటప్పుడు గ్యారెట్ ముద్ద చేతికి చల్లగా తగిలింది.

"లోపల తడి ఆరలేదు గ్యారెట్. పేలుతుంది. ఇంకో వారం ఆగు."

"కప్పులు చేసుకునేదానివి, నీకెందుకమ్మా ఇవన్నీ? ఎప్పుడు కాలాలో మట్టికి తెలుసు."

"తెలివే ఉంటే నీ చేతికి చిక్కేదా?"

నిప్పు పెట్టిన పూటే లోపల ధబ్‌మంది. వారం తర్వాత తెరిచి చూస్తే, అతని పెంకులు నా కప్పుల మీద పడి, పూత కరిగి, అన్నీ కలిసి ఒకే గడ్డయ్యాయి. నాకు ఏడుపొచ్చింది. గ్యారెట్ కాసేపు మొహం మాడ్చుకున్నాడు. విన్‌ఫ్రెడ్ గారి కారు కనబడగానే ఛాతీ విరుచుకున్నాడు.

"దీని పేరు 'విస్ఫోటం'. ఇలా రావాలనే తడిగా పెట్టాను."

ఆవిడ గడ్డను ఎత్తి బోర్లించారు. మట్టి పని తెలిసినవాళ్లు ముందు అడుగే చూస్తారు, చేసినవాళ్ల ముద్ర ఉండేది అక్కడే. గ్యారెట్‌కు ఆ అలవాటెక్కడిది?

"ఈ పిచ్చుక ముద్ర ఎవరిది?"

"నాదండీ. కప్పులు నావి. వాటికంటిన చెత్త ఆయనది."

"అయితే ఇద్దరి పేర్లూ వేస్తాను."

'సరే' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అతని పేరు పక్కన నా పేరు ఊహించుకుంటే ఒళ్లు కంపరమెత్తింది. వెళ్లి ఉలి, సుత్తి తెచ్చాను.

"ఏయ్, నా కళ!" అని గ్యారెట్ అరుస్తుండగానే, పగలకుండా మిగిలిన ఒక్క కప్పును విడగొట్టాను. మిగతా గడ్డ రెండు ముక్కలైంది. కప్పుకు ఒక పక్క మచ్చ పడింది. గరుకంతా అరగదీసి, కడిగి, ఫ్లాస్కులోని కాఫీ అందులో పోసి ఆవిడకిచ్చాను.

"ఇప్పుడు దీని పేరు 'ఎడబాటు'," అన్నాడు గ్యారెట్, రెండు ముక్కలూ చూపిస్తూ.

ఆవిడ అటు తిరగలేదు. నింపాదిగా కాఫీ తాగి, కప్పును మళ్లీ బోర్లించి చూసి, కాగితంలో చుట్టి సంచీలో పెట్టుకున్నారు.