తీయడానికి వీల్లేని పేరు

మా ఆఫీసులో గేటు తెరుచుకోవాలన్నా, కంప్యూటర్ మన మాట వినాలన్నా నెట్‌వర్క్ డైరెక్టరీలో పేరుండాలి. పేరు తీసేశారంటే ఇక బయటివాళ్ళమే. ఆ పేర్లు చూసుకునేది నేను. రిసెప్షన్‌లో కూర్చునేది మా వదిన. ఇంట్లో టీవీ రిమోటు కోసం ఇద్దరం జుట్లు పట్టుకుంటాం. అలాగని పరాయివాళ్ళు ఆవిణ్ణి ఒక్క మాటన్నా నాకు ఒళ్ళు మండుతుంది.

కొత్త డైరెక్టరు మొదటి రోజు తన ఆర్డరు కాగితం ఇంట్లో మరిచిపోయి వచ్చారు. వదిన ఆయన మెడలో అతిథి కార్డు వేసి, పైనుంచి ఫోన్ వచ్చేదాకా సోఫాలోంచి కదలనివ్వలేదు. ఆయన అది మనసులో పెట్టుకున్నారు. మేం చాటుగా చిటపటల సారు అని పిలిచేది ఊరికే కాదు.

నిన్న నన్ను గదిలోకి పిలిచారు.

"ఆ రిసెప్షన్ అమ్మాయికి ఇవాళే ఆఖరు. సాయంత్రంలోగా పేరు తీసెయ్. రేపు గేటు తెరుచుకోకూడదు."

ఆవిడ నాకు వదినని ఆయనకు తెలియదు. ఏడుపొక్కటే తక్కువగా సీటుకొచ్చి వదిన పేరు తెరిచాను.

డైరెక్టరీలో పేర్లు ఒకదాని కింద ఒకటి వేలాడుతుంటాయి. కింద ఇంకో పేరున్నంతవరకు పైదాన్ని తీసేయడానికి వీల్లేదు. ఇది మా ఆఫీసు రూలు కాదు, ఇలాంటి డైరెక్టరీలన్నిటికీ రాసిపెట్టిన ప్రమాణం. మా దగ్గర అతిథుల పేర్లు రిసెప్షన్ వాళ్ళ పేరు కింద చేరుస్తాం. ఉద్యోగంలో చేరాక అక్కణ్ణించి మార్చాలి. వదిన కింద ఒక్క పేరే మిగిలి ఉంది. హక్కులన్నీ ఇచ్చేసి, చోటు మార్చడం మరిచిపోయామన్నమాట. ఎవరిదో చూశాక నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

ముఖం సీరియస్‌గా పెట్టుకుని వెనక్కి వెళ్ళాను.

"తీయడం కుదరదు సార్. ఆ పేరు కింద ఇంకొకరున్నారు."

"ఎవడైతే నాకేంటి? ముందు వాణ్ణి పీకెయ్!"

"అది మీరే సార్."

చిటపటలు ఆగిపోయాయి. "నేనా? నేనక్కడేం చేస్తున్నాను?"

"మొదటి రోజు అతిథిగా చేరారు కదా. మిమ్మల్ని తీసేసి మళ్ళీ కొత్తగా చేరుస్తాను. అందాకా మీకు గేటు తెరుచుకోదు, సోఫాలో కూర్చోవాలి. ఆవిడింకా ఉద్యోగంలోనే ఉంటారు కాబట్టి కార్డు కూడా ఆవిడే వేస్తారు."

పేరు తీయకుండానే చిటికెలో ఇంకో చోటికి జరపొచ్చని అదే ప్రమాణంలో ఉంది. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఆయనకు సోఫా గుర్తొచ్చినట్టుంది. "సరే, ఆ అమ్మాయిని ఉండనీలే," అన్నారు గోడకేసి చూస్తూ.

ఇంటికొచ్చి అంతా చెబితే వదిన కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. నా రెండు చేతులూ పట్టుకుంది. నాక్కూడా ఏడుపొచ్చింది.

"ఉద్యోగం నిలబెట్టాను కదా, ఇవాళైనా రిమోటు ఇవ్వు వదినా," అన్నాను.

వదిన రిమోటు సోఫాలో పెట్టి దాని మీద దర్జాగా కూర్చుంది.

"నా కింద ఒకటుంది కదమ్మాయ్, నన్నెలా తీస్తావు?"