అవతలి కొస

జకర్యా పాత రాగితీగె ఒక కొసను జామచెట్టుకు కట్టి, రెండో కొస చేతికి చుట్టుకుని, ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగుతున్నాడు. తీగెలో మెలికలు పోవాలంటే అలాగే లాగాలి. నైజాం రైల్వేలో టెలిగ్రాఫు తీగెలు లాగీ లాగీ ఆయన అరచేతులు మొద్దుబారాయి. బస్తీలో అందరికీ ఆయన తార్‌సాబ్. కొలువు వదిలాక గుండెనొప్పి ఒకటి తోడైంది గానీ, చేతికి తీగె తగిలితే ఆ సంగతే మరిచిపోతాడు.

"డాక్టర్ ఏమన్నడో యాదున్నదా?" అంది భార్య మేబెల్ గడపలో నిలబడి.

"బరువులు ఎత్తొద్దన్నడు. తీగె బరువా?"

సికింద్రాబాదు నుంచి కాజీపేట దాకా ఎవరెవరి పెళ్ళి కబుర్లో, చావు కబుర్లో ఆయన వేసిన తీగెల మీదుగా పోయాయి. బోయిగూడలోని ఈ ఇంటికి మాత్రం ఏనాడూ ఒక్క తీగె వచ్చిన పాపాన పోలేదు. ఇదే మొదటిది. అది తలుచుకుంటేనే ఆయనకు గర్వంగా ఉంది.

ఇదంతా దేవకృప కోసం. ఒక్కతే కూతురు, మద్రాసులో నర్సు. రైళ్ళు ఆగిపోయి నెలల తరబడి బిడ్డ కబురే లేదు. పోలీసు చర్య ముగిసి బళ్ళు మళ్ళీ నడిచాక బెజవాడ గార్డు ఒకాయన వచ్చి చెప్పిపోయాడు. ఈ ఆదివారం సాయంత్రం మద్రాసు రేడియోలో ఆస్పత్రి నర్సులు కీర్తన పాడతారట, మొదటి చరణం కృప ఒక్కతే అందుకుంటుందట. దేశం వదిలిపోతూ ఒక దొర ఇచ్చిన బ్యాటరీ రేడియో ఇంట్లో ఉండనే ఉంది. లేనిదల్లా ఏరియల్.

ఆదివారం ఉదయమంతా వాన. ఆరాధన నుంచి వచ్చి భోంచేశాక తెరిపిచ్చింది. జకర్యా రేడియో దగ్గర ఒక కొస బిగించి, తీగెను కిటికీలోంచి పెరటి వేపకొమ్మ దాకా లాగాడు. తీగె చెట్టుకు తగలకుండా, కొమ్మకూ తీగెకూ మధ్య పగిలిన సోడాసీసా మెడ ఇరికించాడు. బ్రహ్మచారి అని పక్కింటి వడ్రంగి ఒకాయన నిచ్చెన పట్టుకుని పైకి చూశాడు.

"మస్తుగున్నది తార్‌సాబ్. మరి గా కొస యాడికి పోతది?"

జకర్యాకు నచ్చనిదీ అదే. బతుకంతా ఆయన తీగెను గాలికి వదిలేసిన మనిషి కాదు. ప్రతి తీగెకూ అవతల ఒక స్టేషనుండాలి, ఆఖరి స్టేషనులో అది భూమిలోకి దిగాలి. అందుకని ఆ కొసకు ఇంకో తీగె కలిపి కిందికి దించి, చెట్టు మొదట్లో పాతిన ఇనుపకడ్డీకి బిగించాడు. అప్పటికి గానీ ఆయన మనసు కుదుటపడలేదు.

సాయంత్రం రేడియో పెడితే గురగుర. ముల్లు ఎటు తిప్పినా అదే గురగుర. కీర్తన వేళ దగ్గరపడుతోంది. జకర్యా నుదుట చెమట పట్టింది.

"తీగెలోకి వచ్చిందంత ఏమైతున్నది?" అంది మేబెల్.

"ఏమైతది? గా కొసకాడ భూమిల కలుస్తది."

"అంత భూమికే ఇస్తే మనకేం మిగుల్తది?"

ఆవిడ దెప్పిపొడుపుకే అంది. జకర్యా మాత్రం ఉలిక్కిపడి లేచాడు. ఇది టెలిగ్రాఫు కాదు. మాట గాలిలోంచి వస్తుంది, ఆ కొస గాలిలోనే ఉండాలి. ఏళ్ళ అలవాటు కొద్దీ చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

గబగబా పెరట్లోకి వెళ్ళి, చెట్టు కింద కూలబడి, కడ్డీ నుంచి తీగె ఊడదీశాడు. నేలంతా తడి. వదిలితే మళ్ళీ భూమికే తగులుతుంది. ఒక్క క్షణం ఆలోచించి, కాలి టైరుచెప్పు ఒకటి విప్పి, కొసను దాని మీద పెట్టాడు.

కిటికీలోంచి గురగుర తెగింది. వెనకాలే ఆడగొంతు వచ్చింది, కాస్త వణుకుతూ, తరువాత నిలకడగా.

"కృప," అంది మేబెల్ లోపలి నుంచి.

గోడ మీంచి బ్రహ్మచారి తొంగిచూశాడు. "ఎవరు తార్‌సాబ్?"

"నా బిడ్డ," అన్నాడు జకర్యా. "నేనేసిన తీగె మీదికెల్లి వస్తున్నది."

అని చెట్టుకు చేరగిలబడ్డాడు. మొదటి చరణం అయింది. మిగతావాళ్ళు గొంతు కలిపారు. కీర్తన ముగిశాక మేబెల్ చాయ్ పోసి పిలిచింది. పలకలేదు. వచ్చి చూస్తే ఆయన తల కిటికీ వైపే వాలి ఉంది, ఒక కాలికి చెప్పు లేదు.

సమాధి చేసి వచ్చిన మర్నాడు మేబెల్ పెరడంతా ఊడ్చింది. వేపచెట్టు మొదట్లో చీపురు పక్కకు తిప్పుకుంది. అక్కడ టైరుచెప్పు ఒక్కటే ఉంది, దాని మీద, మట్టి అంటకుండా, రాగితీగె కొస.